మూడు నెలల బియ్యం అయిపోయాయి, సెప్టెంబరు దాకా ఎట్లా?

కరీమాబాద్ కోడలు
ఆగస్టు 17, 2025, రాత్రి 9.40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే ఏమనుకోకండి.

మాది వరంగల్ కరీమాబాద్. అద్దె ఇల్లు, ఒకటే గది, రేకుల కింద వంట. మా ఆయన, నేను, ఏడో తరగతి బాబు, మా అత్తమ్మ. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి వచ్చే రోజుల్లో ఊపిరాడని పని. జూన్ దాటితే బస్తాలు రావు. నేను జాకెట్లు కుడతాను. ఆషాఢమంతా మిషన్ ఖాళీగా ఉంది, శ్రావణంలో వచ్చినవి అద్దెకే సరిపోయాయి. మంగళవారం మంగళవారం గ్రూపు లోను కిస్తీ ఉంటుంది. అది మాత్రం ఆగదు.

జూన్‌లో మూడు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు కదా. మనిషికి 6 కిలోల లెక్కన నెలకు 24, మొత్తం 72 కిలోలు వచ్చాయి. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో అన్ని బియ్యం ఒక్కసారి చూడలేదు. మంచం కింద మూటలు చూసుకుంటే ఎంత ధైర్యమో! ఆ ధైర్యంతోనే ఆడపడుచుకు 10 కిలోలు ఇచ్చాను. ఆమెకు అప్పటికి కార్డు లేదు, కడుపుతో ఉంది, ఇప్పుడు ఐదో నెల. ముసురుకు ఒక మూట అడుగున తడిసి ముక్కిపోయింది. మిగతావాటికి పురుగు. జులై నుంచి పొద్దున జావ, రాత్రి ఒక్కసారే వంట అని సర్దుకుంటూ వచ్చినా మొన్న శుక్రవారంతో అయిపోయాయి.

పక్కింటి అక్క దగ్గర 8 కిలోలు బదులు తెచ్చాను. కూరంటే వారం నుంచి పచ్చిపులుసే. బాబు మధ్యాహ్నం బడిలో తింటాడు. మా ఆయనకు సద్ది కట్టి పంపిస్తాను. అత్తమ్మ షుగర్ మాత్ర వేసుకుని సరిగ్గా తినక మొన్న కళ్లు తిరిగి కూర్చుండిపోయింది.

డబ్బులు అడగడానికి రాయడం లేదు. ఇట్లాంటి రోజులు మీరెట్లా వెళ్లదీస్తారో చెప్పండి, చాలు.


రెండో గేటు
ఆగస్టు 17, రాత్రి 10.05

చెల్లె, నేనూ ఎనుమాములే. మీ ఆయన నాకు ముఖపరిచయం అయ్యే ఉంటాడు. ఈ రెండు మూడు నెలలు ఎవరి పరిస్థితి అయినా ఇదే. ఇదివరకు ఖాళీ రోజుల్లో యూరియా లోడు దించే పని ఉండేది. ఈసారి యూరియాకే కొరత, రైతులు చెప్పులు లైన్లో పెట్టి నిలబడుతున్నారు. ఇక మాకు దించడానికి ఏముంటుంది? రైసుమిల్లులో తవుడు సంచులు ఎత్తే పని వారానికి రెండు రోజులు దొరుకుతోంది. రేపు పొద్దున ఆరున్నరకు మార్కెట్ ముందు చాయ్ బండి దగ్గరికి రమ్మను. మేస్త్రీతో మాట్లాడతాను. గ్యారంటీ అయితే చెప్పలేను.


బీడీ ఆకు
ఆగస్టు 17, రాత్రి 10.25

మాది కోరుట్ల. ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తున్నాను. నెలలో సగం రోజులకే ఆకు ఇస్తున్నారు ఇప్పుడు. నాకు 2016 రూపాయల పింఛను వస్తుంది, అది ఏ రోజు పడుతుందో దేవుడికే తెలియాలి.

నేను చేసేది చెప్తాను. బియ్యం కొనాల్సి వస్తే బియ్యం కొనకు, నూకలు కొను. కిలోకు పది పదిహేను తక్కువకు వస్తాయి. నూకల గట్క వండితే అదే కొలతకు ఇద్దరు ఎక్కువ తింటారు. మక్క రవ్వ అయితే ఇంకా ఆగుతుంది కడుపులో. గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు, సన్న మంట. అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ ఉండాలి. సల్ల పోసుకుని ఎల్లిపాయ కారం నంజుకుంటే ఒక పూట దాటుతుంది. మా అమ్మ జొన్న గట్క పెట్టేది. ఏడ్చేవాళ్లం, అన్నం కావాలని. ఇప్పుడు జొన్నలు బియ్యం కంటే పిరం. షుగర్ ఉన్న సేట్లు కొనుక్కుంటున్నారు.

పచ్చిపులుసు వారం పది రోజులు వరుసగా వద్దు. కడుపులో మంట లేస్తుంది. మధ్యలో ఒక్కరోజైనా పెసరపప్పు కలుపు, పిడికెడైనా సరే.


సూటిగా
ఆగస్టు 17, రాత్రి 11.12

ఎవరికీ నచ్చదని తెలిసే రాస్తున్నాను. సన్నబియ్యం ఉచితం, ఆడవాళ్లకు బస్సు ఉచితం, గ్యాసు ఐదు వందలకు. ఇంకా ఆకలేమిటి? మా వీధిలో ఆటోలో వచ్చి రేషన్ బియ్యం కొనుక్కుపోయేవాడిని పదేళ్లు చూశాను. అమ్మిన వాళ్లెవరు? ఈ పేదవాళ్లే కదా. 72 కిలోలు ఇస్తే రెండు నెలల్లో అయిపోయాయంటే లెక్క చూసుకోవాల్సింది ఎవరు?


బీడీ ఆకు
ఆగస్టు 17, రాత్రి 11.30

అమ్మాం. నేనూ అమ్మాను. దొడ్డు బియ్యం కిలో పది పన్నెండుకు అమ్మి ఆ డబ్బుతో మంచినూనె ప్యాకెట్, పావుకిలో పప్పు తెచ్చేదాన్ని. అన్నం ఒక్కటే గొంతు దిగదు కదా సార్. మొన్న ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, అప్పటి నుంచి ఒక్క గింజ అమ్మలేదు. మా వాడలో ఆ ఆటో రావడమే తగ్గింది.

గ్యాసు ఐదు వందలంటారు. ముందు మొత్తం డబ్బు మేమే కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. ముందు కట్టే ఆ డబ్బే లేకనే కట్టెల పొయ్యి వెలిగిస్తున్నాం.

లెక్క అన్నారు. మూటలు మోసే మనిషి రోజుకు ఎంత అన్నం తింటాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. రెండు పూటలకు అది.


పరకాల కిరాణం
ఆగస్టు 18, పొద్దున 6.50

దుకాణం వైపు నుంచి నేను రెండు మాటలు చెప్తాను. ఇరవై రెండేళ్లుగా ఉద్దెర ఇస్తున్నాను. నా దగ్గర మూడు పుస్తకాలు ఉన్నాయి. ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్నవాళ్లు పత్తి అమ్మగానే కడతారు. నీలం అట్టలో వాళ్లు నెలనెలా జీతం మనుషులు. మూడో దానికి అట్టే లేదు, అది ఎప్పుడు తీరుతుందో తెలియదు. అయినా చింపలేదు.

దుకాణంలో కూర్చుంటే ఒకటి కనిపిస్తుంది. డబ్బు లేనివాడే ఎక్కువ ధర పెడతాడు. కిలో పప్పు ఒకేసారి కొనేవాడికి నేను నూట ఇరవైకి ఇస్తానా, రోజుకు వంద గ్రాములు పొట్లం కట్టించుకునే ఆమెకు పదిహేను పడుతుంది. పది రోజులకు నూట యాభై. నాకు కాగితం, తరుగు, టైము ఉన్నాయి కాబట్టి అది మోసం కాదంటాను. కానీ ఆమెకు ముప్పై పోయినట్టే. నూనె, చాయ్‌పత్తి, సబ్బు అన్నీ ఇట్లాగే.

కాబట్టి కరీమాబాద్ అమ్మా, పక్కింటి వాళ్లు ముగ్గురు కలిసి కిలో పప్పు, లీటరు నూనె కొని పంచుకోండి. మా గల్లీలో నలుగురు బీడీలు చేసే ఆడవాళ్లు అట్లా చేస్తున్నారు. నా వ్యాపారం కొంచెం తగ్గింది గానీ చూస్తే ముచ్చటగానే ఉంది. ఉద్దెర అడగాలంటే షాపు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం పూట అడగండి. నలుగురి ముందు అడిగితే ఎంత మంచివాడైనా లేదంటాడు. ఒకరికి ఇస్తే నలుగురికీ ఇవ్వాలి కదా!


నిర్వాహకుడు
ఆగస్టు 18, పొద్దున 8.15

రాత్రి ఒక సభ్యుడు ఐదు నిమిషాల్లో లోను ఇచ్చే యాప్ లింకు ఇక్కడ పెట్టాడు. తీసేశాం, ఆయన్నీ తీసేశాం. ఎవరైనా నొక్కి ఉంటే ఫోన్‌లోంచి ఆ యాప్ తొలగించండి, కాంటాక్టుల అనుమతి ఇవ్వకండి. చర్చ కొనసాగించండి.


అంగన్‌వాడీ టీచరమ్మ
ఆగస్టు 18, మధ్యాహ్నం 2.40

హుజూరాబాద్ దగ్గర ఊరు మాది. సెంటర్ మూసి ఇప్పుడే కూర్చున్నాను.

మొదట మీ ఆడపడుచు విషయం. ఐదో నెల అంటున్నారు. అంగన్‌వాడీకి రేషన్ కార్డుతో పనిలేదు. దగ్గరి సెంటర్‌కు ఆధార్, తల్లీబిడ్డల కార్డు తీసుకుపోయి పేరు రాయించుకోమనండి. ఆరోగ్యలక్ష్మి కింద 2015 జనవరి నుంచి గర్భిణికి, బాలింతకు రోజూ ఒక పూట పూర్తి భోజనం ఉంది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. సెంటర్‌లోనే కూర్చుని తినాలి. చాలామంది సిగ్గుపడి రారు, ఇంటికి కట్టివ్వమంటారు. ఇంటికి పోతే ఆ గుడ్డు ఆమె నోట్లోకి పోదని మాకు తెలుసు. కాన్పు అయ్యాక బిడ్డకు ఏడో నెల నుంచి బాలామృతం ప్యాకెట్ వస్తుంది, అది కూడా అడిగి తీసుకోండి.

రెండోది. మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబు బడిలో తింటాడని రాశారు, ఆయనకు సద్ది కడతానని రాశారు, అత్తమ్మ గురించి రాశారు. మీరేం తింటున్నారో ఎక్కడా లేదు.


కరీమాబాద్ కోడలు
ఆగస్టు 18, సాయంత్రం 5.20

టీచరమ్మా, మీరు అడిగాక నేనూ వెనక్కి పోయి చదువుకున్నాను. నిజమే, రాయలేదు. రాయడానికి అంత ఏమీ లేదు. గంజి వార్చి పెట్టుకుంటాను, ఉప్పు వేసుకుని మధ్యాహ్నం తాగుతాను. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో ఉన్నది నాది. మా అమ్మ కూడా అంతే, అందుకే నాకు అది లెక్కలోకి రాలేదు.

రెండో గేటు అన్నా, ఆయన పొద్దున వచ్చాడు. ఈరోజు సగం రోజు పని దొరికిందట. మీకు దండం.


అంగన్‌వాడీ టీచరమ్మ
ఆగస్టు 18, రాత్రి 8.30

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్లు 57.6 శాతం అని తేలింది. ట్రైనింగ్‌లో ఈ అంకె చెప్పినప్పుడు మా బ్యాచ్‌లో ఒకామె, మనలో ఎంతమందికి అని లేచి అడిగింది. అక్కడే పరీక్ష చేయించుకున్నాం. నాకు హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఊరందరికీ ఐరన్ మాత్రలు పంచే మనిషిని నేను!

వండగానే మీ గిన్నె పక్కకు తీసి మూత పెట్టండి. అందరికంటే ముందు తినకపోయినా సరే, తీసి పెట్టుకోండి. మా సెంటర్‌కు వచ్చే తల్లులకు నేను ఈ ఒక్క పని చెప్తాను, పెద్ద పెద్ద మాటలు చెప్పను.


ఏఎన్ఎం మేడమ్
ఆగస్టు 18, రాత్రి 9.05

అత్తమ్మ గురించి. ఖాళీ కడుపుతో షుగర్ మాత్ర వేయకండి, కొన్ని మాత్రలకు షుగర్ బాగా పడిపోతుంది. అట్లాగని మీ అంతట మీరు ఆపేయకండి కూడా. బస్తీ దవాఖానాకు తీసుకుపోయి, ఇంట్లో తిండి ఇట్లా ఉందని డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పడానికి చాలామంది నామోషీ పడతారు, మూడు పూటలా తింటున్నామనే అంటారు. డాక్టర్ దాన్ని బట్టే డోసు రాస్తారు. కళ్లు తిరిగి చెమట పడితే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. మనిషి మాట్లాడలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి. మాత్రలు అక్కడే ఉచితంగా ఇస్తారు, బయట కొనకండి.


నాలుగో నంబర్ రూము
ఆగస్టు 19, రాత్రి 12.35

హనుమకొండలో గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఒక రూములో ముగ్గురం. ఇక్కడ మా సంగతి ఎవరూ ఆకలి కింద లెక్కేయరు, చదువుకునే పోరగాళ్లు కదా అనుకుంటారు.

బియ్యం ఊరి నుంచి బస్సులో మూట వస్తుంది. రైస్ కుక్కర్ ఉంది. కర్రీ పాయింట్‌లో 30 రూపాయల కూర ప్యాకెట్ ఒకటి, 10 రూపాయల సాంబారు ఒకటి, ముగ్గురికీ రెండు పూటలు. నెలాఖరులో గురువారం సాయిబాబా గుడి, శనివారం హనుమాన్ గుడి. అన్నదానం లైన్లో తెలిసిన మొహాలే. ఒకరినొకరు చూడనట్టు నిలబడతాం. వచ్చే 27న వినాయక చవితి. మండపాల దగ్గర అన్నదానాలు మొదలైతే నిమజ్జనం దాకా మా రూములో పొయ్యి వెలగదు. పోయినసారి ఏ మండపంలో ఏ రోజో రాసుకుని తిరిగాం.

ఇంటి నుంచి ఫోన్ వస్తే అమ్మ తిన్నావా అంటుంది. తిన్నా అంటాను. నువ్వు తిన్నావా అని మాత్రం నేను అడగను. తినలేదంటే ఏం చేయగలను?


సూటిగా
ఆగస్టు 19, పొద్దున 7.45

తమ్మీ, ఏ ఏరియా మీది? మా ఇల్లు నయీంనగర్‌లోనే. ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

(మొన్న నేను రాసింది తీసేయను. కానీ 200 గ్రాముల లెక్క నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను.)


నర్సంపేట పంతులు
ఆగస్టు 19, మధ్యాహ్నం 12.10

రిటైరై తొమ్మిదేళ్లు. నా చిన్నతనంలో మాకు పొలం లేదు. కోతలయ్యాక అమ్మతో కలిసి పరిగె ఏరడానికి పోయేవాణ్ణి. కోసిన మడిలో రాలిన వరి వెన్నులు ఏరుకుంటే ఎవరూ ఏమనేవారు కాదు, అది లేనివాళ్ల హక్కు కింద వదిలేవాళ్లు. రోజంతా ఏరితే రెండు శేర్ల వడ్లు. ఎలుక బొరియలు తవ్వి గింజలు తీసేవాళ్లు కొందరు. ఇప్పుడు హార్వెస్టర్ పోయిన మడిలో వెన్ను అన్నదే ఉండదు, రాలిన గింజ గడ్డిలో, బురదలో కలిసిపోతుంది. పరిగె అనే మాట మా మనవడికి తెలియదు.

కూర విషయంలో వానాకాలం ఒక మేలు చేస్తుంది. గంగవాయిలి, పొన్నగంటి, గునుగు, తుమ్మి, చెన్నంగి ఇవన్నీ ఊరికే మొలుస్తాయి. చవితి నాడు తుమ్మికూర వండటం మన దగ్గర ఆనవాయితీ, ఆ ఒక్కరోజు ఉన్నవాళ్లు కూడా కొనుక్కుంటారు. గంగవాయిలి పప్పులో వేస్తే పిడికెడు పప్పు నలుగురికి వస్తుంది. కాకపోతే పత్తిచేల గట్ల మీద కోయకండి. గడ్డిమందు కొడుతున్నారు. మురికికాలువ పక్కన మొలిచింది కూడా వద్దు. ఖాళీ ప్లాట్లు, చెరువు కట్ట మీద చూడండి.


బీడీ ఆకు
ఆగస్టు 19, మధ్యాహ్నం 1.30

సార్, మీరు చెప్పిన కూరలన్నీ నాకూ ఇష్టమే. కానీ నలుగురికి సరిపడా ఏరాలంటే పూట పడుతుంది. ఆ పూటలో నేను నాలుగు వందల బీడీలు చుడతాను. ఆ డబ్బుతో తోటకూర కట్టలు కొనొచ్చు. ఆకు ఇవ్వని రోజు ఏరుకుంటాను, ఇచ్చిన రోజు కొనుక్కుంటాను.


నర్సంపేట పంతులు
ఆగస్టు 19, మధ్యాహ్నం 1.52

నిజమేనమ్మా. మా అమ్మ ఏరిందంటే ఆ రోజు కూలి దొరకకనే.


వర్ధన్నపేట బస్సు
ఆగస్టు 20, రాత్రి 9.50

కూరగాయలకు నేను చేసేది. రెండు వారాలకోసారి మధ్యాహ్నం బస్సెక్కి వరంగల్ వస్తాను, మాకు టికెట్ లేదు కదా. లక్ష్మీపురం మార్కెట్‌లో చీకటి పడ్డాక మిగిలిన సరుకు కుప్పల లెక్కన ఇస్తారు. మెత్తబడిన టమాటాలు, ముదురు బెండకాయలు, గిచ్చిన వంకాయలు. ఇంటికొచ్చి పాడైనది కోసేసి టమాటాలకు ఉప్పు కలిపి తొక్కు పెడతాను. వానాకాలం కాబట్టి ఎండబెట్టడం కుదరదు, నూనెలో మగ్గించాలి. వారం వస్తుంది. కరీమాబాద్ నుంచి మీకైతే ఇంకా దగ్గర.

ఇంకొకటి అడుగుతాను. మా బాబు బడిలో వారానికి మూడు గుడ్లు ఇవ్వాలి, ఒకటే పెడుతున్నారు. వంట చేసే అక్కను అడిగితే, బిల్లులు నెలల తరబడి రాలేదు, నా మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి ఎంతకని పెట్టను అంది. ఆమె మీద ఫిర్యాదు చేయడానికి నాకు మనసు రావడం లేదు. ఎవరికి చెప్పాలి?


అంగన్‌వాడీ టీచరమ్మ
ఆగస్టు 20, రాత్రి 10.20

ఆమె మీద చేయకండి. గుడ్డు బిల్లు రాలేదన్న సంగతే నలుగురు తల్లిదండ్రులు సంతకాలు పెట్టి మండల విద్యాధికారి ఎంఈఓకు, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. వంటామె పేరు బాధితురాలి కింద రాయండి. రసీదు తీసుకోండి.

రేషన్ తూకం, డీలర్ షాపు తెరవకపోవడం లాంటివాటికి 1967 నంబరు ఉంది.


బీడీ ఆకు
ఆగస్టు 21, పొద్దున 11.00

వేలిముద్ర పడక వెనక్కి పంపిస్తే కూడా ఊరుకోకండి. ఆకు కత్తిరించి, దారం చుట్టి నా గీతలు అరిగిపోయాయి, మిషన్ నన్ను గుర్తుపట్టదు. కంటితో చూసే మిషన్ తీయమని అడగాలి. అడిగేదాకా బయటికి తీయడు మా డీలర్, చార్జింగ్ లేదంటాడు. చార్జింగ్ పెట్టు, కూర్చుంటా అన్నాను. కూర్చున్నాను.


కామారెడ్డి
ఆగస్టు 30, రాత్రి 8.10

ఈ చర్చ మొన్నటిదాకా చదువుతూ వచ్చాను. 27న పడ్డ వానకు మా ఇంట్లో మోకాలు లోతు నీళ్లు. మేం బియ్యం పొదుపుగా వాడి ఒక మూట మిగిల్చుకున్నాం. అదే తడిసింది. ఆరబెట్టడానికి ఎండ లేదు. వాసన వస్తున్న బియ్యం కడిగి వండుకోవచ్చా?


ఏఎన్ఎం మేడమ్
ఆగస్టు 30, రాత్రి 8.35

వరద నీళ్లలో నానిన బియ్యం తినకండి, కడిగినా సరే. పోయిందని బాధే గానీ వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఇంకా కష్టం. తహసీల్దార్ ఆఫీసులో నష్టం రాయించండి, తడిసిన మూట పారేసే ముందు ఫొటో తీసి పెట్టుకోండి.


కరీమాబాద్ కోడలు
సెప్టెంబరు 2, సాయంత్రం 6.15

ఈరోజు బియ్యం వచ్చాయి, 24 కిలోలు. పక్కింటి అక్కవి 8 ఇచ్చేశాను. మిగిలినవి 16.

ఆడపడుచుకు జులైలో కొత్త కార్డు వచ్చింది గానీ బియ్యం ఈ నెల నుంచే ఇచ్చారు. ఇద్దరికి 12 కిలోలు. వాటిలోంచి 5 కిలోలు సంచిలో పోసుకుని ఆమె ఆటో ఎక్కి వచ్చింది. వద్దన్నా వినలేదు. అంగన్‌వాడీకి పోతోంది, మొదటి రెండు రోజులు సిగ్గుపడిందట, ఇప్పుడు ఇంకో గల్లీ ఆమెను కూడా తీసుకుపోతోంది.

అత్తమ్మకు మాత్ర సగానికి తగ్గించారు. కిరాణం అన్న చెప్పినట్టు మేం ముగ్గురం కలిసి కందిపప్పు కొన్నాం. పంచుకునేటప్పుడు కొంచెం గొడవైంది, తూకం దగ్గర. తర్వాత సర్దుకుంది.

గిన్నె పక్కకు తీస్తున్నాను టీచరమ్మా. రోజూ కాదు.

ఈసారి బియ్యం డబ్బాలో పోసి వేపాకు, ఎండుమిర్చి వేశాను, ఇటుకల మీద పెట్టాను. అన్నా, రెండో గేటు అన్నా, కొత్త పత్తి ఎప్పుడు మొదలవుతుంది?


రెండో గేటు
సెప్టెంబరు 2, రాత్రి 9.30

పత్తి దసరా దాటాకే చెల్లె. వానలు ఇట్లాగే ఉంటే ఇంకో వారం వెనక్కి పోతుంది. బతుకమ్మ ముందు కొత్త మక్కలు వస్తాయి, అవి తేమ మీద ఉంటాయి కాబట్టి ఆరబోసే పని ఆడవాళ్లకు కూడా దొరుకుతుంది. వచ్చే సోమవారం మేస్త్రీని అడిగి ఇక్కడే రాస్తాను.